పదిహేడో పదార్థం

పుష్పరాణికి కోపం వస్తుందని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో ఒక అద్దాల మేడ, అందులో ఐదో అంతస్తు, కిటికీకి వీపు పెట్టి కూర్చునే నలభై ఆరేళ్ళ మనిషి. వచ్చినప్పుడు నవ్వుతుంది, వెళ్ళేటప్పుడు నవ్వుతుంది, మధ్యలో కాగితాలు చదువుతుంది. "మా పుష్పాదీ నోట్లో నాలుక లేదు" అని బెంగాలీ పిల్లలు ముద్దుగా అనుకునేవారు. నాలుక ఉంది. దాని మీద రెండేళ్ళుగా ఒక మాట కూర్చుని ఉంది. అందుకే మిగతా మాటలకు చోటు తక్కువ.

ఆ కంపెనీ విటమిన్లూ కాల్షియం క్యాప్సూళ్ళూ తయారుచేస్తుంది. సరుకు తయారయ్యేది బడ్జ్ బడ్జ్ దగ్గరి షెడ్డులో. ఆ సరుకులో ఏమేం పడ్డాయి, ఎక్కడినుంచి వచ్చాయి, ఎవరు హామీ ఇచ్చారు అనే కాగితాలన్నీ ఉండేది ఇక్కడ, పుష్పరాణి దగ్గర. పద్నాలుగేళ్ళుగా అదే పని. డబ్బా మీద ఒక్క మాటగా కనిపించేదాని వెనక నాలుగు దేశాలు ఉంటాయని ఆమెకు తెలుసు. పొడి మిషనుకు అంటుకోకుండా వేసే మెగ్నీషియం స్టియరేట్ పామాయిలు నుంచీ తీయవచ్చు, పశువుల కొవ్వు నుంచీ తీయవచ్చు. తెచ్చి గిన్నెలో పోస్తే రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి. నాలుక మీద వేసుకున్నా తేడా తెలియదు. తేడా కాగితంలోనే ఉంటుంది.

ఆమె పుట్టింది ఖిదిర్‌పూర్‌లో, కార్పొరేషన్ పారిశుధ్య కార్మికుల క్వార్టర్స్‌లో. తాత శ్రీకాకుళం వైపు నుంచి చీపురు పనికి వచ్చాడు. తల్లి నరసమ్మ అదే చీపురు ముప్ఫై రెండేళ్ళు పట్టి, పింఛను తీసుకుని, ఇప్పుడు గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళను పలకరిస్తూ ఉంటుంది. పుష్పరాణి చదువంతా బెంగాలీలో సాగింది, సాయంకాలం కాలేజీలో కెమిస్ట్రీ డిగ్రీ దాకా. తెలుగు ఇంట్లో మాట్లాడటమే. రాసింది చదవాలంటే కూడబలుక్కోవాలి. భర్త బైరాగి షాలిమార్ గూడ్స్ యార్డులో పని చేస్తాడు, మాట తక్కువ మనిషి. మొత్తం మీద ఎవరి జోలికీ వెళ్ళని జీవితం. అలాంటి జీవితంలోకి ఐదేళ్ళ కిందట పట్టాభి వచ్చాడు.

పట్టాభిది రాజమండ్రి. క్వాలిటీ విభాగానికి పెద్దగా వచ్చిన మొదటి రోజున, పేర్ల జాబితాలో పుష్పరాణి పేరు చూసి, ఆమె బల్ల దగ్గరికి తనే నడిచి వచ్చాడు.

"ఏమండీ, మీరు తెలుగువారా? ఇంత దూరంలో మనవాళ్ళు కనపడితే ప్రాణం లేచివస్తుందండీ. మీదే ఊరు?"

పుష్పరాణి మొహం వెలిగింది. ఆఫీసులో తెలుగు వినడం ఆమెకు అదే మొదలు. "ఇక్కడేనండి, ఖిదిర్‌పూర్. మా తాతోళ్ళది సిక్కోలు దగ్గర."

"ఇంటిపేరు?"

చెప్పింది.

"నాన్నగారేం చేసేవారు?"

"అమ్మా నాన్నా ఇద్దరూ కార్పొరేషన్లోనండి. రోడ్లు ఊడిసే పని."

"ఓహో" అన్నాడు పట్టాభి. కాసేపు ఆమె బల్ల అంచు చూశాడు. "సరే, ఆ పాత ఫైళ్ళు ఒకసారి పట్టుకురా."

మూడు ప్రశ్నలు అయ్యేసరికి మీరు పోయి నువ్వు వచ్చింది. విచిత్రం ఏమిటంటే, బెంగాలీలో మాట్లాడేటప్పుడు ఆయన ఆమెను అందరిలాగే మర్యాదగా 'ఆప్ని' అనేవాడు. ఆఫీసు రివాజు అది. తెలుగులోకి రాగానే 'నువ్వు'. చుట్టూ ఉన్నవాళ్ళకు ఆ తేడా తెలియదు. వాళ్ళకు వినిపించేదల్లా ఇద్దరు తెలుగువాళ్ళు సొంత భాషలో కబుర్లు చెప్పుకోవడం. "నీ అదృష్టం దీదీ, మీ భాషవాడే బాస్‌గా వచ్చాడు" అనేవారు.

రెండేళ్ళ కిందట, జూలైలో, అసలు సంగతి జరిగింది. ఆ రోజు నరసమ్మ తెల్లవారుజామునే లేచి, కూతురికి ఇష్టమని కోడికూర వండింది. మసాలా రోటిలో నూరింది. ఆ స్టీలు డబ్బా పుష్పరాణి ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టింది. అందులో అప్పటికే చేప డబ్బాలు అరడజను ఉన్నాయి. బెంగాలీ ఆఫీసులో ఫ్రిజ్ అంటే చేపల బజారే. మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి పట్టాభి ఫ్రిజ్ తెరిచి నిలబడి ఉన్నాడు. ఆమె డబ్బా ఆయన చేతిలో ఉంది, రెండు వేళ్ళ మధ్య.

"ఇది నీదేనా? ఏముంది ఇందులో?"

"కోడికూర సార్."

"కోడేనా? పంది కాదు కదా?" నవ్వాడు. చుట్టూ నలుగురు ఉన్నారు. నవ్వు చూసి వాళ్ళూ నవ్వారు. "మీవాళ్ళు క్వార్టర్స్ వెనకాల పెంచుతారట కదా. నా పెరుగన్నం ఇందులోనే ఉంటుంది. నేను నిష్ఠగా ఉండే మనిషిని, తెలుసా నీకు? మీ ఇంటి కంపు నా గిన్నెకి అంటుకుంటే ఎలా?"

అంటూనే డబ్బా మూత తీసి, కూర చెత్తబుట్టలో దులిపేశాడు. తర్వాత ఆ నలుగురి వైపూ తిరిగి బెంగాలీలో, "పాపం, దారిలోనే ఉక్కకి పాడైపోయింది. తింటే జబ్బు చేసేది" అన్నాడు. ఫినాయిలు తెప్పించి ఆ అర ఒక్కటే కడిగించాడు. చేప డబ్బాలు వేటి చోట అవి ఉన్నాయి.

పుష్పరాణి ఖాళీ డబ్బా కడుక్కుని బ్యాగులో పెట్టుకుంది. చెప్పడానికి సాక్షి లేడు. నలుగురి ఎదుట జరిగిన పనికి ఒక్క సాక్షి లేడు. నరసమ్మ ఒకప్పుడు క్వార్టర్స్ వెనక రెండు పందులను సాకిన మాట నిజమే. ఆ పందులను అమ్మిన డబ్బుతోనే పుష్పరాణి కాలేజీ ఫీజు కట్టింది. పట్టాభికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. గుడ్డిగా విసిరితే తగిలిన రాయి, అందుకే లోతుగా దిగింది.

సాయంత్రం తల్లి అడిగింది. "ఏటే, కూర ఎలాగుంది?"

"బాగుందమ్మా."

"మొత్తం తినీసినావా?"

"తినీసినాను."

"ఆ బెంగాలీవోళ్ళకి ఓ ముక్క పెట్నేదేటి? మన సేతి కూర తింటే ఆళ్ళ సేపలు ఆళ్ళే పారేద్దురు." ముసలమ్మ తృప్తిగా నవ్వింది.

ఆ నవ్వు దగ్గర పుష్పరాణిలో పగ పుట్టింది. ఫ్రిజ్ దగ్గర పుట్టింది అవమానమే. తల్లితో అబద్ధం ఆడాల్సి వచ్చిన చోట అది ఇంకోటిగా మారింది.

పగ ఉన్నవాళ్ళు ఏం చేస్తారో ఆమెకు తెలియదు. ఎవరితోనైనా చెప్పుకోవడం, అరవడం, దణ్ణాలు పెట్టి శాపనార్థాలు పెట్టడం ఆమెకు చేతకాదు. ఆమెకు చేతనైంది చదవడం ఒక్కటే. పట్టాభి సంతకం ఉన్న ప్రతి కాగితమూ చదవడం మొదలుపెట్టింది. ఫైళ్ళ చివర చిన్న అక్షరాల్లో ఉండేవి, ఎవరూ తిప్పని వెనక పేజీలు, విదేశీ కంపెనీల ఉత్తరాలు. ఆఫీసు బస్సులో బైపాస్ మీద గంట ప్రయాణం; ఆ గంటా చదివేది. ఆ మనిషి ఎక్కడో ఒకచోట తప్పు చేసి ఉండాలి. ఇతరుల డబ్బాలు మూత తీసి చూసేవాడు తన డబ్బా మూత తీసి చూసుకోడని ఆమెకు ఎందుకో గట్టి నమ్మకం.

రెండేళ్ళు ఏమీ దొరకలేదు. అప్పుడు హలాల్ జాబితా వచ్చింది.

కంపెనీ ఎముకల బలానికి చేసే క్యాప్సూల్‌ను మలేషియా పంపాలని డైరెక్టరు ఆశ. దానికి హలాల్ సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థవాళ్ళు ఒక ఫారం పంపారు: క్యాప్సూల్‌లో పడే ఇరవై మూడు పదార్థాలూ వరుసగా రాసి, ఒక్కోదాని ఎదుట అది మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచా, జంతువైతే ఏ జంతువు, ఆల్కహాల్ తగిలిందా, రుజువు కాగితం ఎక్కడ, అన్నీ నింపాలి.

పట్టాభి ఫారం చూసి తేలిగ్గా కొట్టిపారేశాడు. "దీనికింత రాద్ధాంతమా? మనది శుద్ధ శాకాహారం. క్యాప్సూల్ తొడుగు మొక్కల నుంచి తీసింది. డబ్బా మీద పచ్చచుక్క నేనే దగ్గరుండి వేయించాను. శాకాహారానికి మించిన హలాల్ ఏముంటుంది? అన్ని గడుల్లోనూ మొక్క అని రాసి, కింద నువ్వు సంతకం పెట్టెయ్యి."

"ఒక్కోదానికీ కంపెనీ ఉత్తరం కావాలండి."

"తెప్పించుకో. సోమవారం ఆడిటు." బల్ల మీది డబ్బా తీసి రెండు క్యాప్సూళ్ళు నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. రోజూ మధ్యాహ్నం పెరుగన్నం అయ్యాక ఆయన అలా వేసుకోవాల్సిందే. నెలకో డబ్బా రాజమండ్రిలో ఉన్న తల్లి లలితాంబగారికీ పంపేవాడు. "మా అమ్మ మడి గట్టుకుంటే మంచినీళ్ళు కూడా తనే తోడుకుంటుంది. అలాంటి మనిషే నా మాట మీద ఇవి వేసుకుంటుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

పుష్పరాణి ఇరవై మూడు ఉత్తరాలు రాసింది. ఇరవై రెండింటికి జవాబులు సవ్యంగా వచ్చాయి. స్టియరేట్ పామాయిలు నుంచి. గ్లిజరిన్ కొబ్బరి నుంచి. రంగు ఇనుము నుంచి. పదిహేడోది విటమిన్ డి. దాన్ని ఇక్కడ అమ్మే ఏజెంటు "వెజ్" అని ఒక్క ముక్క రాసి పంపాడు. ఇంకొకరైతే ఆ ముక్కతో సరిపెట్టుకునేవారు. పుష్పరాణి ఏజెంటును దాటి, విదేశంలో అసలు తయారుచేసే కంపెనీకే రాసింది. విటమిన్ డి నూనె లాంటిది, పొడిలో కలవదు. కలవాలంటే దాన్ని దేనిలోనైనా చుట్టి ఇసుకరేణువుల్లా చేయాలి. దేనిలో చుట్టారు? అది ఆమె ప్రశ్న.

గురువారం సాయంత్రం నాలుగూ పదికి జవాబు వచ్చింది. మీరు కొనే రకంలో రేణువులను జెలటిన్‌తో చుడతాము. జెలటిన్ పంది చర్మం నుంచి తీసినది. ఈ వివరం నాలుగేళ్ళ కిందట, మీరు ఈ రకానికి మారినప్పుడే మీ క్వాలిటీ విభాగాధిపతికి పంపాము. నకలు జత చేస్తున్నాము. నకలు మీద పట్టాభి సంతకం ఉంది, అందినట్టు. చదవకుండా పెట్టిన సంతకం. ఆ కాగితం ఆయన దగ్గరే ఆగిపోయి, పుష్పరాణి ఫైళ్ళలోకి ఎప్పుడూ రాలేదు.

ఆఫీసు బస్సులో పుష్పరాణి ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివింది. తర్వాత కిటికీ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వాపుకోలేక భుజాలు కదిలేలా నవ్వింది. పక్కనున్న అమ్మాయి ఏడుస్తోందనుకుని వీపు మీద చెయ్యి వేసింది.

నాలుగేళ్ళు. రోజుకు రెండు. నిష్ఠగా ఉండే మనిషి.

ఖిదిర్‌పూర్‌లో బస్సు దిగి సందులోకి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. వాళ్ళ గుమ్మానికి ఎదురు గుమ్మం హసీనా ఖాలాది. సందులో అందరికీ ఖాలా, అంటే పిన్ని; అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. స్టాఫుకు ఇచ్చే ఆ క్యాప్సూల్ డబ్బాలు ఏడాదిగా పుష్పరాణే ఆమెకు ఇస్తోంది. రంజాన్ నెలంతా, తెల్లవారకముందు ఆఖరి ముద్దతో ఖాలా వేసుకున్నవి అవే.

పుష్పరాణి ఇంటికి వెళ్ళకుండా ముందు ఆ గుమ్మం ఎక్కింది.

"ఖాలా, నేనిచ్చిన మందు డబ్బా ఇయ్యండి. అది మీరు తినగూడదు."

"ఎందుకు బేటీ? దానితోనే కదా కాస్త లేచి తిరుగుతున్నాను."

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఒకసారి ఆడిన అబద్ధం రుచి తెలుసు గనక, ఆడలేదు. ఉన్నది ఉన్నట్టు హిందీలో చెప్పేసింది. హసీనా ఖాలా కుళాయి దగ్గరికి వెళ్ళి మూడుసార్లు నోరు పుక్కిలించి వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది.

"నాకు తెలియదు, నీకూ తెలియదు. తెలియక తిన్నదానికి పైవాడు మనల్ని పట్టుకోడు" అంది నిదానంగా. "కానీ ఇప్పుడు నీకు తెలుసు. ఈ క్షణం నుంచి ఇంకొకరి నోట్లో పడ్డది నీ లెక్కలోకి వస్తుంది. ఎప్పుడు చెబుతున్నావు వాళ్ళకి?"

"సోమవారం."

"ఈవేళ గురువారం కదా?"

పుష్పరాణి డబ్బా బ్యాగులో వేసుకుని గుమ్మం దిగింది. ఈవేళే పట్టాభికి చెబితే ఏం జరుగుతుందో ఆమెకు ఎదురుగా కనిపిస్తోంది. ఉత్తరం ఆయన చేతిలోకి పోతుంది. పాత నకలు మాయమవుతుంది. వారంలో మరో రకం విటమిన్ వస్తుంది, కొత్త కాగితాలు వస్తాయి, పచ్చచుక్క అలాగే ఉంటుంది. హసీనా ఖాలాకూ, ఆమెలాంటి వాళ్ళకూ ఎవరూ ఏమీ చెప్పరు. ఈ లెక్క నిజమే. కానీ దీని అడుగున ఇంకో లెక్క ఉందని ఆమెకు తెలుసు: శుక్రవారం రెండు, శనివారం రెండు, సోమవారం రెండు. ఆ ఆరూ ఆయన వేసుకుంటుంటే తను కళ్ళారా చూడాలి.

శుక్రవారం పొద్దున్నే స్టోర్స్‌కు ఫోన్ చేసింది. బడ్జ్ బడ్జ్‌లో స్టోర్స్ చూసే తాపస్‌దా ఆమెతో పాటు పద్నాలుగేళ్ళుగా ఉన్నవాడు.

"దాదా, ఎముకల క్యాప్సూల్ అట్టపెట్టెలన్నిటికీ ఎర్ర చీటీ తగిలించు. ఒక్కటి గేటు దాటకూడదు."

"ఎవరి ఆర్డరు దీదీ?"

"నాదే. కాగితం పూర్తి కాలేదు. కాగితం లేకపోతే సరుకు ఆపే హక్కు నాకుంది కదా."

"ఉందిలే. పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ వాడలేదని అడిగాను."

గోడౌను ఆగింది. బజారులో ఉన్న డబ్బాలు ఆగలేదు. అది ఆమెకు తెలుసు. తెలిసే ఊరుకుంది.

మధ్యాహ్నానికి పట్టాభి రుసరుసలాడుతూ వచ్చాడు. పక్కన అందరూ ఉన్నారు గనక తెలుగులోనే. "ఎర్ర చీటీ ఏమిటి? ఎవరిని అడిగి పెట్టావు?"

"పదిహేడోదాని కాగితం తేలలేదు సార్."

"ఏజెంటు వెజ్ అని రాశాడుగా! నీకు కాగితం కనపడితే చాలు వణుకు. తరతరాలుగా వేలిముద్రలు వేసినవాళ్ళకి సంతకమంటే భయం ఉండటంలో తప్పులేదులే. ఆ గడి నింపి పడెయ్యి." అని తన గదిలోకి వెళ్ళి, పెరుగన్నం తిని, డబ్బా మూత తీశాడు. ఒకటి. రెండు. నీళ్ళు. పుష్పరాణి అద్దం ఇవతలి నుంచి చూసింది. గొంతు దగ్గర ఆ ముద్ద కిందికి దిగడం కూడా చూసింది. ఆ రోజు తన అన్నం కడుపునిండా తింది.

శనివారం కూడా చూసింది. ఆదివారం హసీనా ఖాలా గుమ్మం ముందు నుంచి వెళ్ళకుండా సందు చుట్టూ తిరిగి ఇంటికి చేరింది.

సోమవారం పదకొండింటికి ఆడిటర్ వచ్చింది. పేరు నస్రీన్ ఆరా. పార్క్ సర్కస్ మనిషి, ఆహార రసాయనాల్లో పెద్ద చదువు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. మీటింగ్ గదిలో డైరెక్టరు, పట్టాభి, తాపస్‌దా, ఫైళ్ళతో పుష్పరాణి. నస్రీన్ టీ కూడా తాగకుండా ఒకటో పదార్థం నుంచి మొదలుపెట్టింది. అంతా బెంగాలీలో నడుస్తోంది. ఆమె పేరు చదువుతుంది, పుష్పరాణి ఉత్తరం తీసి ముందు పెడుతుంది, ఆమె చూసి టిక్కు పెడుతుంది. పదహారు టిక్కులు పడ్డాయి. డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"పదిహేడు. విటమిన్ డి. మూలం రాయలేదేం?"

పుష్పరాణి నోరు తెరిచేలోగా పట్టాభి అందుకున్నాడు. "రాయడం మరిచిపోయి ఉంటారు మేడమ్. మొక్కదే. మా డబ్బా మీద పచ్చచుక్క చూడండి. నేను గుడ్డయినా ముట్టని మనిషిని. ఇవి నేనే రోజూ వేసుకుంటాను." అని శాంపిల్ డబ్బా మూత తీసి, అందరూ చూస్తుండగా రెండు క్యాప్సూళ్ళు గుటుక్కున మింగాడు.

"మీరు మింగితే హలాల్ అయిపోదు దాదా" అంది నస్రీన్. "అలా అయితే నాకు ఉద్యోగమే ఉండదు." అందరూ నవ్వారు. పట్టాభి కూడా.

ఆ నవ్వు పూర్తిగా అయ్యేదాకా పుష్పరాణి ఆగింది. అప్పుడు ఫైలు అడుగు నుంచి ఉత్తరం తీసి, పాత నకలు పైన పెట్టి, రెండూ నస్రీన్ ముందుకు జరిపింది.

నస్రీన్ ఒకసారి చదివింది. కళ్ళద్దాలు పైకి తోసుకుని మళ్ళీ చదివింది. తర్వాత ఆ కాగితాలు పట్టాభి వైపు తిప్పింది. పట్టాభి చూపు మొదటి పేరాలో ఒక మాట దగ్గర ఆగింది. అక్కడినుంచి కిందికి జారి, తన సంతకం దగ్గర ఆగింది. చెయ్యి దానంతట అదే పొట్ట మీదికి వెళ్ళింది.

"ఏమిటి?" అన్నాడు డైరెక్టరు.

పట్టాభి పుష్పరాణి వైపు వంగి, గొంతు తగ్గించి, తెలుగులో మాట్లాడాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ గొంతులో బతిమాలడం ఉంది.

"పుష్పరాణిగారూ, ఇది ఎప్పుడు వచ్చిందండీ మీకు?"

"గురువారం" అంది ఆమె, బెంగాలీలో.

"తెలుగులో చెప్పండమ్మా. మీకు దణ్ణం పెడతాను. ఇవాళ పొద్దున్నే వచ్చిందనండి, చాలు. గురువారం అంటే దాచిపెట్టారని మీ మీదికీ వస్తుంది. ఇద్దరం బయటపడదాం. మనవాళ్ళం మనం, ఒకరికొకరం కాకపోతే ఎలా?"

పుష్పరాణి ఆ మాటలన్నీ చివరిదాకా విన్నది. మీరు, అండీ, అమ్మా, దణ్ణం. తర్వాత బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి, తను ఎప్పుడూ మాట్లాడనంత గట్టిగా, స్పష్టమైన బెంగాలీలో చెప్పింది.

"సార్ ఏమంటున్నారో చెబుతాను. ఈ ఉత్తరం ఇవాళే వచ్చిందని మీతో అబద్ధం చెప్పమంటున్నారు. చెబితే ఇద్దరం బయటపడతామట. ఉత్తరం గురువారం నాలుగూ పదికి వచ్చింది. ఈ క్యాప్సూల్‌లో పంది జెలటిన్ ఉంది, నాలుగేళ్ళుగా. ఆ సంగతి నాలుగేళ్ళ కిందటే సార్‌కు రాశారు. ఇది సార్ సంతకం." ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. "రెండేళ్ళ కిందట కూడా సార్ నాతో తెలుగులో ఒక మాట అన్నారు. మా అమ్మ వండిన కోడికూర చెత్తబుట్టలో పారేస్తూ, అది పంది కూర కాదు కదా అని అడిగారు. మీ ఇంటి కంపు నా పెరుగన్నానికి అంటుతుందన్నారు. మీలో ఒకరు అప్పుడు అక్కడే ఉన్నారు. కూర పాడైపోయిందని బెంగాలీలో చెప్పారు. పాడవలేదు."

తాపస్‌దా తల దించుకున్నాడు. ఆ రోజు నవ్విన నలుగురిలో, ఏదో పని మీద సాల్ట్ లేక్ వచ్చిన తాపస్‌దా కూడా ఒకడు.

పట్టాభి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. గది బయట, వరండా చివర చేతులు కడుక్కునే కుళాయి ఉంది. అది తిప్పిన చప్పుడు, తర్వాత వాంతి చప్పుడు, మళ్ళీ నీళ్ళ చప్పుడు.

డైరెక్టరు ఫోన్ అందుకుని, బజారులో ఉన్న సరుకంతా వెనక్కి రప్పించమని, ఎందుకో దుకాణాలవాళ్ళకు దాచకుండా చెప్పమని, ఎవరికో కేకలు వేస్తూ బయటికి వెళ్ళాడు. నస్రీన్ మాత్రం కదల్లేదు. పుష్పరాణినే చూస్తోంది.

"గురువారం నుంచి ఇది మీ దగ్గరుంది."

"ఉంది."

"గోడౌను ఆపారు, మంచిదే. దుకాణాలు ఆపలేదు. ఈ నాలుగు రోజుల్లో ఇవి మా ఇంట్లో ఎవరైనా వేసుకుని ఉండొచ్చు. మీకు తట్టలేదా?"

"తట్టింది."

"ఎందుకు దాచారు?"

"సార్ ఒక్కరికే ఇచ్చి ఉంటే, ఈ కాగితం మీ దాకా వచ్చేది కాదు."

"అది ఒక కారణం" అంది నస్రీన్. "రెండోది?"

పుష్పరాణి ఫారం వంక చూసింది. "రెండోది రాయడానికి మీ ఫారంలో గడి లేదు మేడమ్."

నస్రీన్ చాలాసేపు ఆమె మొహం చదివింది. ఏ కారణమో ఆమెకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కలం ఆగలేదు. నివేదికలో ఒక తప్పు కంపెనీ పేరున రాసింది, ఒకటి పట్టాభి పేరున. మూడోది పుష్పరాణి పేరున: తెలిసిన సమాచారం నాలుగు రోజులు తొక్కిపెట్టినందుకు. "ఇది మీ ఉద్యోగానికి మంచిది కాదు. చదివి సంతకం పెట్టండి."

పుష్పరాణి చదివింది. ప్రతి మాటా నిజమే. హసీనా ఖాలా ఈ మాటలే ఇంకోలా అంది. తప్పు తప్పేనని ఒప్పుకోవడానికి ఆమెకేం అభ్యంతరం లేదు. పశ్చాత్తాపం ఎక్కడైనా తగులుతుందేమోనని లోపల వెతికి చూసుకుంది కూడా. ఖాలా పుక్కిలించిన చప్పుడు దగ్గర కొంచెం తగిలింది. పట్టాభి దగ్గర ఏమీ లేదు. నిండు పేరు రాసి సంతకం పెట్టింది.

"ఇంకా ఆరున్నాయి" అంది నస్రీన్. "మొదలుపెట్టాక పూర్తి చేయాలి. మీ సార్‌ను పిలవండి. ఆయన ఎదుటే చూడాలి, అది నియమం."

తాపస్‌దా వెళ్ళి పిలుచుకొచ్చాడు. పట్టాభి చొక్కా ముందంతా తడిసిపోయి ఉంది. పడిపోయిన కుర్చీ తనే లేపుకుని, బల్లకు కాస్త దూరంగా కూర్చున్నాడు. చేతిలో ఫోన్ ఉంది. అందులో తల్లి పేరు వెలుగుతోంది. నొక్కలేదు. కట్టేశాడు.

"పద్దెనిమిది" అంది నస్రీన్. "రంగు. మూలం?"

పట్టాభి పుష్పరాణి మొహం వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయం ఒక్కటే. ఈ మనిషి ఫైళ్ళ అడుగున ఇంకా ఏమున్నాయో ఆయనకు తెలియదు. ఐదేళ్ళలో తను చదవకుండా ఇంకా ఎన్నిటికి సంతకాలు పెట్టాడో కూడా తెలియదు.

రంగు శుభ్రమైనదే. ఆ తర్వాతి ఐదూ శుభ్రమైనవే. ఆ ముక్క పుష్పరాణి ఒక్క మాటలో చెప్పవచ్చు. చెప్పలేదు. ఫైలు దగ్గరికి లాక్కుని, వేలు తడి చేసుకుని, ఒక పేజీ తిప్పింది. దాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. తర్వాత ఇంకో పేజీ. పట్టాభి కళ్ళు ఆమె వేలి వెంటే కదులుతున్నాయి. ఆమెకు తొందరేం లేదు. ఇంకా ఆరున్నాయి, ఒక్కోదానికీ నాలుగేసి పేజీలు.